కొర్రమీనుకు ఏ రంగు నచ్చుతుంది?

ఎల్లారెడ్డి చుట్టుపక్కల ఏ చెరువు కట్ట ఎక్కినా గాలం వేసే కుర్రాళ్ల మధ్య తెగని వాదం ఒకటి వినిపిస్తుంది. "పచ్చ కప్పకే పడ్తదన్నా" అని ఒకరు. "కాదు, నల్లదానికే కొడ్తది" అని ఇంకొకరు. వాన పడితే ఒక రంగు, ఎండ కొడితే ఇంకో రంగు అని మూడో సిద్ధాంతం. ఇవన్నీ విని ఊరుకుంటే బాగానే ఉండేది. కానీ ఈమధ్య బొమ్మ ఎరలు, అంటే ల్యూర్లు, ఇంట్లోనే చేసుకోవడం మొదలైంది. చెక్క ముక్కతో చిన్న చేప, పాత చెప్పు ముక్కతో కప్ప, లోపల బరువు, కింద గాలం. చివర్లో రంగు. ఆ రంగు దగ్గరే వాదం కాస్తా హార్డ్‌వేర్ షాపుకు, అక్కడి నుంచి థిన్నర్ డబ్బాకు, అక్కడి నుంచి తలుపులు మూసిన హాస్టల్ గదికి చేరుతోంది.

కాబట్టి ఇక్కడ రెండు ప్రశ్నలు ఉన్నాయి. రంగును చేప పట్టించుకుంటుందా? ఆ రంగును మన ఒళ్లు తట్టుకుంటుందా? ఈ రెండింటినీ ఎవరూ కలిపి అడగరు. కలిపి అడిగితే జవాబు తేలికైపోతుంది. రంగు వల్ల దొరికే లాభం చిన్నది. కొన్ని రంగుల వల్ల జరిగే నష్టం పెద్దది. అది ఎలాగో చూద్దాం.

ముందు మన నీళ్ల సంగతి

కామారెడ్డి నుంచి లింగంపేట మీదుగా ఎల్లారెడ్డి వెళ్తే, అక్కడి నుంచి రెండు పెద్ద జలాశయాలు అందుబాటులో ఉంటాయి. ఒకటి 1916-22 మధ్య మంజీర ఉపనది ఆలేరుపై కట్టిన పోచారం. రెండోది 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్. అచ్చంపేట, బంజెపల్లి గ్రామాల మధ్య మంజీర మీద కట్టారు. వీటికి తోడు ఊరూరా చెరువులు, కుంటలు.

ఈ నీళ్లలో ఉండే చేపలన్నీ బొమ్మ ఎరకు పడవు. బొచ్చె నీటిలో తేలే సూక్ష్మజీవులను వడగట్టుకుని తింటుంది. రోహు నాచు, కుళ్లిన ఆకుల మీద బతుకుతుంది. వాటి ముందు ఎంత అందమైన చెక్క చేపను ఆడించినా పెద్దగా ఫలితం ఉండదు. ల్యూర్‌ను కొట్టేవి వేటాడే చేపలు. మన దగ్గర ముఖ్యంగా కొర్రమీను, వాలుగ. కొర్రమీను మన రాష్ట్ర చేప కూడా. గాలి పీల్చుకోవడానికి తరచూ పైకి వస్తుంది, గడ్డి, తామరాకుల మధ్య లోతు తక్కువ చోట కాపు కాస్తుంది. ఈ అలవాట్లను గుర్తుపెట్టుకోండి. రంగు లెక్క మొత్తం వీటి మీదే ఆధారపడి ఉంది.

ఎరుపు నిజంగా మాయమవుతుందా?

చేపల వేట గురించి చదివిన ప్రతివారికీ ఒక మాట తెలుసు: "నీళ్లలో అన్నిటికన్నా ముందు ఎరుపు మాయమవుతుంది." నిజమే, కానీ ఎక్కడ, ఎంత లోతులో అన్నది లెక్కవేయాలి. మన బీర్-లాంబర్ట్ సూత్రం ఇక్కడ పనికొస్తుంది. 650 నానోమీటర్ల ఎర్ర కాంతిని స్వచ్ఛమైన నీరు మీటరుకు సుమారు 0.34 గుణకంతో పీల్చుకుంటుంది. పది మీటర్ల లోతుకు వెళ్తే మిగిలేది మూడు శాతం చిల్లర. అంటే ఎర్ర బొమ్మ అక్కడ నల్లగా కనిపిస్తుంది. సముద్రంలో వేటాడేవారికి ఇది పెద్ద విషయం. అదే అర మీటరు లోతులో లెక్కవేయండి: 84 శాతం ఎరుపు అలాగే ఉంటుంది. కొర్రమీను కోసం మనం ల్యూర్ లాగేది ఆ అర మీటరులోనే, చాలాసార్లు నీటిపైనే. పుస్తకంలో మాయమైన ఎరుపు మన చెరువులో మాయం కాదు.

పైగా మన నీళ్లు స్వచ్ఛమైన నీళ్లు కావు. కుళ్లిన ఆకులూ గడ్డీ నానిన నీటికి టీ డికాక్షన్ లాంటి రంగు వస్తుంది. ఆ రంగు పదార్థం మొదట తినేసేది నీలి కాంతిని, ఎరుపును కాదు. ఎండాకాలం నాచు పట్టిన నీటిలో నీలం, ఎరుపు రెండూ తగ్గి ఆకుపచ్చ, పసుపు మిగులుతాయి. ఇక వానాకాలం చెలకల నుంచి మట్టి కొట్టుకొచ్చినప్పుడు ఇంకో సంగతి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తిన వానల్లో వాగుల రంగు చూసినవారికి చెప్పక్కర్లేదు. అలాంటి నీటిలో కాంతి మట్టి రేణువులకు తగిలి అన్ని వైపులా చెదురుతుంది. పొగమంచులో లారీ లైటు లాగా, వెలుగు ఉంటుంది గానీ ఆకారం ఉండదు. అక్కడ రంగు చర్చకు అర్థమే లేదు. జానెడు దూరం దాటితే ఏ రంగైనా ఒకటే.

మీ చెరువు ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి పరికరం కొనక్కర్లేదు. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త ఒక తెల్లని పళ్లేన్ని తాడుకు కట్టి సముద్రంలోకి దించి, అది కనపడకుండా పోయే లోతును కొలిచాడు. నేటికీ నీటి స్వచ్ఛతను కొలవడానికి ఇదే పద్ధతి వాడతారు, పళ్లెం మీద నలుపు తెలుపు భాగాలు వేసి. ఇరవై సెంటీమీటర్ల పాత పళ్లెం, అడుక్కొక ముడి వేసిన తాడు చాలు. పళ్లెం అడుగు లోపే మాయమైతే రంగు గురించి ఆలోచన మానేసి చప్పుడు చేసే ల్యూర్ వేయండి. మూడు నాలుగడుగుల దాకా కనిపిస్తే అప్పుడు రంగు గురించి మాట్లాడుకోవచ్చు.

చేప కన్ను ఏం చూస్తుంది?

చేపలకు రంగులు తెలియవన్న వాదం ఒకప్పుడు గట్టిగానే ఉండేది. సుమారు వందేళ్ల కిందట జర్మనీలో కార్ల్ ఫాన్ హెస్ అనే ప్రసిద్ధ కంటి వైద్యుడు ఆ మాటే అన్నాడు. కుర్రవాడైన కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఒప్పుకోలేదు. చిన్న చేపలకు ఒక రంగు దగ్గరే మేత అలవాటు చేసి, తర్వాత ఆ రంగును రకరకాల బూడిద రంగుల మధ్య పెట్టాడు. చేపలకు వెలుగు, చీకటి మాత్రమే తెలిస్తే ఏదో ఒక బూడిద రంగుతో పొరబడాలి. అవి పొరబడలేదు. ఇదే ఫ్రిష్ తర్వాత తేనెటీగల నాట్యానికి అర్థం చెప్పి 1973లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు.

అయితే రంగు తెలియడం వేరు, మనలా తెలియడం వేరు. మన కంటిలో మూడు రకాల కోన్ కణాలు ఉంటాయి. ల్యూర్ వేటకు ప్రపంచంలో అందరికన్నా పేరు పడ్డ చేప అమెరికాలోని లార్జ్‌మౌత్ బాస్. కొర్రమీనులాగే గడ్డిలో కాపు కాసి మీదపడే రకం. 2019లో వెలువడిన ఒక పరిశోధనలో దాని కంటిలో రెండే రకాల కోన్ కణాలున్నట్టు తేలింది. ఒకటి ఆకుపచ్చకు, రెండోది ఎరుపుకు స్పందించేది. శిక్షణ ఇస్తే ఆ చేప ఎరుపును, ఆకుపచ్చను చక్కగా గుర్తుపట్టింది. కానీ తెలుపుకూ నిమ్మపచ్చకూ తేడా చెప్పలేక తడబడింది. నలుపుకూ నీలానికీ మధ్య కూడా అంతే.

దీన్ని షాపు అరల పక్కన పెట్టి చూడండి. నిమ్మపచ్చ ఒకటి, తెలుపు ఒకటి, నలుపు ఒకటి, ముదురు నీలం ఒకటి అని నాలుగు కొంటాం. అలాంటి కన్ను ఉన్న చేపకు అవి రెండే రంగులు: లేతది, ముదురుది. మిగతా రెండూ కొన్నవాడి కోసం చేసినవి.

చేపకు కన్ను ఒక్కటే ఆధారం కూడా కాదు. ఒంటి పక్కన తల నుంచి తోక దాకా సాగే పార్శ్వరేఖతో నీటి కదలికను పసిగడుతుంది. బురద నీటిలో, చీకట్లో వేటకు అదే దారి చూపుతుంది. కాబట్టి మీ చెక్క చేప సరిగ్గా ఊగకపోతే దానికి ఏడు రంగులు వేసినా వృథా.

కింద నుంచి చూస్తే

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన సంపూర్ణాంతర పరావర్తనం గుర్తుందా? నీటికి సందిగ్ధ కోణం దాదాపు 48.6 డిగ్రీలు. నీళ్లలో ఉన్న చేప పైకి చూస్తే బయటి ప్రపంచమంతా ఒక గుండ్రని కిటికీలో ఇమిడి కనిపిస్తుంది. అర మీటరు లోతున ఉన్న కొర్రమీనుకు ఆ కిటికీ వ్యాసార్ధం సుమారు 57 సెంటీమీటర్లు. దాని అవతల నీటి పైపొర అద్దంలా అడుగునే చూపిస్తుంది.

మన కప్ప బొమ్మ ఆ కిటికీలోకి వచ్చినప్పుడు దాని వెనక ఉన్నది వెలుగుతున్న ఆకాశం. సినిమా తెరకు అడ్డంగా నిలబడ్డవాడి చొక్కా రంగు వెనక వరుసవారికి ఎలా తెలియదో, అలాగే కప్ప పొట్ట మీద మనం వేసిన చుక్కలూ చారలూ కొర్రమీనుకు సరిగా కనిపించవు. కనిపించేది ఆకారం, కదిలే కాళ్లు. ఆ ఆకారాన్ని అన్నిటికన్నా స్పష్టంగా చూపే రంగు నలుపు. పొద్దుగూకే వేళ పాత చేయి తిరిగిన వేటగాళ్లు నల్ల ఎర వాడటం వెనక ఉన్న తర్కం ఇదే.

మరి వీపు సంగతి? నీటిపై తేలే ఎర వీపు చేపకు కనిపించదు, మనకు కనిపిస్తుంది. గడ్డి మధ్య ఎర ఎక్కడుందో, ఎప్పుడు మాయమైందో తెలియడం కోసం దానికి ముదురు నారింజ రంగు వేసుకోండి. ఆ రంగు మన కంటి కోసమని తెలిసి వేసుకుంటే గొడవే లేదు.

"నాకైతే పచ్చదానికే పడ్డయ్"

ఇంత చెప్పినా ఒక మిత్రుడు ఒప్పుకోడు. "సైన్సు ఏమన్నా అననీ, నాకు పడ్డ పది చేపల్లో తొమ్మిది పచ్చదానికే" అంటాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. పదిసార్లలో తొమ్మిదిసార్లు ఆయన వేసింది పచ్చదే! ఎక్కువగా నానిన ఎరకే ఎక్కువ చేపలు పడతాయి.

నిజంగా తేల్చాలంటే ఒకే అచ్చు, ఒకే బరువు ఉన్న రెండు ఎరలు తీసుకోండి, రంగు మాత్రమే మార్చండి. అదే చోట, పది విసుర్లకొకసారి మార్చుతూ నోటుబుక్కులో రాయండి. ఎనిమిది చేపలు పడి, ఆరు నల్లదానికే పడ్డాయనుకోండి. నలుపు గెలిచినట్టేనా? రంగుకు ఏ ప్రభావమూ లేకపోయినా, ఎనిమిదిసార్లు నాణెం ఎగరేస్తే ఆరు లేదా అంతకన్నా ఎక్కువ బొమ్మలు పడే అవకాశం 256లో 37, అంటే 14 శాతం పైనే. ఏడుసార్లకు ఒకసారి ఊరికే జరిగిపోయే విషయం. ఒక ఆదివారం అనుభవంతో సిద్ధాంతం కట్టకూడదన్నది ప్రాబబిలిటీ పరీక్షలో కంటే ఇక్కడే బాగా అర్థమవుతుంది.

ఇప్పుడు డబ్బా మూత తీద్దాం

రంగు వల్ల లాభం ఇంతే అని తేలాక, దానికోసం ఏం పణం పెడుతున్నామో చూడాలి.

మొదటిది సీసం. మెరిసే పసుపు, నారింజ, ఎరుపు రంగుల కోసం లెడ్ క్రోమేట్ లాంటి సీసపు పదార్థాలను ఎన్నో ఏళ్లుగా వాడారు. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే రంగుల్లో సీసం పది లక్షల్లో 90 భాగాలు మించకూడదన్న నియమం 2017 నవంబరు 1 నుంచి అమల్లో ఉంది. పరిశ్రమలకు వాడే రంగులు ఆ నియమం పరిధిలోకి రావు. అటకమీద పదేళ్లుగా పడి ఉన్న పసుపు ఎనామిల్ డబ్బా, యంత్రాలకు వేసే రంగు, రోడ్డు గీతల రంగు, ఇవేవీ ఎరకు వద్దు. పాత కిటికీ చెక్కను గీకి ఎర చేయడం కూడా వద్దు. ఆ దుమ్ములో ఏముందో కంటికి తెలియదు. సీసానికి సురక్షితమైన మోతాదంటూ లేదు. మన బట్టల మీద ఇంటికి చేరిన దుమ్ము మొదట దెబ్బతీసేది చిన్నపిల్లల మెదడును.

రంగులోనే కాదు, బరువులోనూ సీసమే ఉంటుంది. వంటింటి పొయ్యి మీద, అన్నం వండే గిన్నెలో సీసం కరిగించి గుండ్లు పోయడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకండి. తెగిపోయిన గుండ్లు చెరువు అడుగున ఉండిపోతాయి. వాటిని రాళ్లనుకుని మింగి హంసలు చనిపోతున్నాయని బ్రిటన్ 1987లోనే చిన్న సీసపు గుండ్లను నిషేధించింది. పోచారం చెరువుకూ అభయారణ్యం ఉంది, నీటి పక్షులు ఉన్నాయి. ఇనుప నట్టు ఒకటి కడితే సరిపోయే పని ఇది.

రెండోది థిన్నర్. అందులో సాధారణంగా ఉండే టోలిన్ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మంట అంటుకునేంత ఆవిరి వదులుతుంది. మన గదుల్లో ఏ కాలంలోనైనా అంతకన్నా వేడి ఎక్కువే. ఆ ఆవిరి గాలికన్నా మూడు రెట్లు బరువు, నేల వెంబడి పాకుతుంది. మూలన వెలుగుతున్న దోమల బత్తీ చాలు. నెయిల్ పాలిష్, స్ప్రే డబ్బా కూడా ఈ కుటుంబానివే. ముక్కుకు ఎన్95 మాస్కు పెట్టుకున్నా లాభం లేదు. అది రేణువులను ఆపుతుంది, ఆవిరిని ఆపదు.

మూడోది, అన్నిటికన్నా మోసకారి: కార్లకు వేసే రెండు డబ్బాల క్లియర్ కోటు. అద్దంలా మెరుస్తుంది, నీటికి చెక్కుచెదరదు. అందుకే ల్యూర్లు చేసేవాళ్లకు దాని మీద మోజు. దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. భోపాల్‌లో 1984లో వెలువడిన వాయువు ఇది కాదు గానీ, రసాయన కుటుంబం అదే. స్ప్రే చేసినప్పుడు పీలిస్తే ఉబ్బసం రావచ్చు. ఒకసారి ఒళ్లు దానికి అలవాటుపడకుండా ఎదురు తిరిగిందంటే ఆ తర్వాత అతి తక్కువ మోతాదుకే ఊపిరాడదు. బయటి నుంచి గాలి అందించే ముసుగు వేసుకుని చేయాల్సిన పని అది. బాడీ షాపులో ఎవరో ముఖానికి దస్తీ కట్టుకుని చేస్తున్నారని మనమూ చేయకూడదు. ఆ చేస్తున్న అన్నకు ఈ సంగతి చెప్పగలిగితే ఇంకా మంచిది.

మరి ఎలా వేద్దాం?

మూడు రంగులు చాలు: నలుపు, తెలుపు, నారింజ. నీటితో కలిపే అక్రిలిక్ రంగులు స్టేషనరీ షాపులోనే దొరుకుతాయి. పేరులో కాడ్మియం అని ఉన్నవి మాత్రం వద్దు. స్ప్రే వద్దు, కుంచె చాలు. కుంచెను నోట్లో పెట్టుకుని మొన చేసే అలవాటుంటే మానండి.

చెక్కకు మన దగ్గర మంచి తరగతి ఉంది. నిర్మల్ బొమ్మలు చేసే పొణికి చెక్క తేలికగా ఉంటుంది, చాకుకు వెన్నలా తెగుతుంది. చెక్కను తడి ఎమిరీ కాగితంతో రుద్దితే దుమ్ము లేవదు. పూర్తిగా ఆరాక తెలుపు రెండు పూతలు, దాని మీద వీపుకు నారింజ, పొట్టకు నలుపు. నీటి లోపల ఈదే చెక్క చేపైతే సహజంగా చేపకుండే పద్ధతిలో వీపు ముదురుగా, పొట్ట తెల్లగా. ప్రతి పూత ఆరాకే తర్వాతిది. చివర్లో ఒక రోజంతా ఆరనివ్వాలి. గాలం కొక్కేలు రంగు పని మొత్తం అయ్యాకే తగిలించండి.

పై పూత లేకపోతే చెక్క నీళ్లు తాగి ఉబ్బుతుంది. మామూలు తెల్ల జిగురు నీటిలో మెత్తబడి ఊడుతుంది. లక్క పూత బొమ్మకు అందమే గానీ నీటిలో నానితే తెల్లబారుతుంది. నీటితో చేసిన పాలీయురెథేన్ వార్నిష్ మూడు పలుచని పూతలు వేయండి. ఎపాక్సీ వాడాలనుకుంటే నైట్రైల్ గ్లోవ్స్ తొడుక్కుని, గాలి ఆడే చోట, కొలత తప్పకుండా కలపండి. దాని హార్డెనర్ చర్మానికి పదేపదే తగిలితే దద్దుర్లు పట్టుకుంటాయి. కుంచెలు కడిగే ముందు పాత కాగితంతో తుడవండి, ఆ నీళ్లు చెరువులో పారబోయకండి. తళుకు పొడి చల్లడం కూడా వద్దు. అది ప్లాస్టిక్ నలుసు, చివరికి చేరేది చేప పొట్టలోకి.

ఇదంతా కూడా ఎందుకనిపిస్తే ఇంకా తేలిక దారి ఒకటి ఉంది. తెగిపోయిన నల్ల హవాయి చెప్పును కప్పలా కోసి, పాత సైకిల్ ట్యూబు చీలికలతో కాళ్లు పెట్టండి. రంగు పొర అలాంటి మెత్తటి రబ్బరు మీద ఎలాగూ నిలవదు, పదిసార్లు వంగితే రాలిపోతుంది. రంగే వేయకపోతే రాలేదేముంది? వీపు మీద నారింజ రంగు గుడ్డ పీలిక ఒకటి కుట్టుకుంటే మన కంటి అవసరమూ తీరుతుంది.

గట్టు మీద కూర్చునే ముందు ఇంకో మాట. చెరువుల్లో చేప పిల్లలు వదిలి పెంచుకునేది మత్స్య సహకార సంఘాలు. ఆ గంగపుత్రుల, ముదిరాజుల జీవనం అది. అడిగి వేయండి. అభయారణ్యం హద్దుల్లో వేయకండి. వానాకాలంలో నీటిపై ఎర్రటి చిన్న పిల్లల గుంపు ఒకటి మరుగుతున్నట్టు కదులుతూ కనిపిస్తే, వాటి కిందే తల్లిదండ్రులైన కొర్రమీన్లు కాపలా ఉంటాయి. అప్పుడు ఏ రంగు ఎర వేసినా మీదపడతాయి, ఆకలితో కాదు, పిల్లల మీద భయంతో. ఆ జంటను లాగేస్తే మిగతా చేపలు ఆ పిల్లలను నిమిషాల్లో మింగేస్తాయి. ఆ గుంపు కనపడిన చోట దారం చుట్టేసుకుని ఇంకో ఒడ్డుకు వెళ్లండి. వచ్చే ఏడాది గాలానికి పడాల్సినవి అవే.